నలగని నిమ్మకాయ

ఆయన పోయాడని తెలిసిన రోజున నేను చేసిన మొదటి పని నా చెప్పులు తిరగేసి చూసుకోవడం. ఎడమ చెప్పు బయటి అంచు అరిగి కాగితంలా అయింది. కుడిది బాగానే ఉంది. "నీకు ఇంకో పదేళ్ళకి ఎడం మోకాలు పోతాది తమ్ముడూ," అని ఆయన అని ఎనిమిదేళ్ళయింది. మోకాలు అప్పుడే సలుపుతోంది. పోయిన మనిషి మాట నిజమవుతుంటే నవ్వాలో ఏడవాలో తెలీదు. ఆయన విషయంలో నాకు ఏదీ సరిగ్గా తెలీదు. నా గోలంతా అదే.

నాది అనంతగిరి ఘాట్‌రోడ్డు పక్కన జీపుల వర్క్‌షాపు. మా నాన్న కింద మైదానం నుంచి ఒక సమ్మెట, ఒక కొలిమి తిత్తి పట్టుకుని వచ్చి పెట్టాడు. నేను దానికి గ్యాస్ సిలిండర్లు, వెల్డింగ్ మిషను చేర్చాను. సంతకి జనాన్ని మోసే జీపులు, కాఫీ పళ్ళ తొక్క తీసే మిషన్లు, అప్పుడప్పుడూ విరిగిన నాగళ్ళు నా దగ్గరికొస్తాయి. ఒకసారి విమానం కాలు వచ్చింది. దాన్ని మోసుకొచ్చింది ఆయనే.

పేరు చెప్పను. ఆయనకే ఎవరి పేర్లూ గుర్తుండేవి కావు, మనుషుల్ని నడకని బట్టి గుర్తుపెట్టుకునేవాడు. మేమంతా చక్రాల సారు అనేవాళ్ళం. ఈ కొండల్లోనే, గెడ్డ వాగు అవతల పది గడపల ఊళ్ళో పుట్టిన మనిషి. ఆశ్రమ పాఠశాలలో చదువుకుని, బయటి రాష్ట్రాల్లో ముప్ఫై ఏళ్ళు విమానాల చక్రాలూ బ్రేకులూ చూసే ఉద్యోగం చేసి, మళ్ళీ ఆ ఊరికే వచ్చేశాడు. అన్నేళ్ళూ విమానాల కిందే కూర్చున్నాడు గాని, ఒక్కదాన్నయినా నడపలేదు. విమానానికి రెక్కలుంటాయన్న సంగతి ఆయన ఎప్పుడో మర్చిపోయాడేమో అని మాకు అనుమానం.

షాపుకొస్తే "బాగున్నావా" అనేవాడు కాదు. నేరుగా ఏదో ఒక జీపు వెనక్కి పోయి గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి చక్రాల వంక చూసేవాడు. చొక్కా జేబులో ఒక పాత రూపాయి బిళ్ళ ఉండేది. దాంతో ఇరుసు మీదా, బండి బరువు మోసే కమాను పట్టీల మీదా టంగుమని కొట్టి చెవి ఒగ్గేవాడు. డ్రైవర్లకి ఒళ్ళు మండేది.

"ఏటి సారూ, జీపుకి నాడి సూత్తన్నారా?" అనేవారు.

"నాడి కాదురా. ఇనుము అబద్దమాడతందో నేదో ఇంటన్నాను," అనేవాడు ఆయన, తల ఎత్తకుండా.

టీ దుకాణంలో బల్ల మీద కూర్చోవాలంటే ముందు వంగి దాని నాలుగు కాళ్ళూ చూడాలి. పెళ్ళికెళ్తే ప్లాస్టిక్ కుర్చీ కాళ్ళు నొక్కి చూడాలి. వాళ్ళావిడ, అంటే మా వదినమ్మ, ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి. ఈయన్నీ లాక్కుపోయేది. ఒకసారి పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, పాస్టరుగారి ముందున్న బల్ల కాస్త ఊగుతోందట. ప్రార్థన అయ్యి అందరూ కళ్ళు తెరిచేసరికి ఈయన జాగా ఖాళీ. బల్ల మీది గుడ్డ కింద నుంచి రెండు పాదాలు బయటికి కనబడుతున్నాయి. పొట్టి కాలు కింద చెక్కపేడు దూరుస్తున్నాడు మహానుభావుడు. "దేవుడికి మొక్కమంటే బల్లకి మొక్కినాడు మావోడు," అని వదినమ్మ నెల రోజులు చెప్పుకుని నవ్వింది.

ఆయనకో మాట ఉండేది. "ఎక్కడానికేటుంది, ఎవుడైనా ఎక్కుతాడు. దిగడం కదా పని." జీలుగు చెట్టెక్కి కల్లు దించేవాణ్ణి చూసినా ఇదే మాట. పై అధికారి అయిపోయాడని ఎవడి గురించైనా గొప్పగా చెప్పినా ఇదే మాట. పెళ్ళిలో అక్షింతలు వేస్తూ ఇదే మాట అన్నాడని ఒక పెళ్ళికూతురి తండ్రి ఆయనతో ఏడాది మాట్లాడలేదు.

ఇలాంటి మనిషి విమానం కట్టుకుంటానంటే నవ్వరా? బెంగుళూరులో ఎవరో ఆసామి మోజుపడి పెట్టెల్లో ముక్కలు ముక్కలుగా తెప్పించుకున్న చిన్న విమానం, సగం బిగించి విసుగుపుట్టి వదిలేశాడట. ఆ ముక్కలన్నీ ఒక లారీలో ఘాట్‌రోడ్డెక్కి వచ్చాయి. ఇద్దరు కూర్చునేది. కాఫీ గింజలు పెట్టుకునే రేకుల షెడ్డులో పెట్టాడు. "కాఫీకని షెడ్డు ఏయించుకుంటే కోడిపెట్టలాగ ఇదొచ్చి కూకుంది," అని వదినమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. రెండేళ్ళు బిగించాడు. రెక్కలు ఎవరైనా తాకొచ్చు, తోక పట్టుకుని పిల్లలు ఊగినా ఏమీ అనడు. చక్రాల దగ్గరికి వెళ్తే మాత్రం చెయ్యి మీద ఒకటి పడేది.

ఎగరడానికి ప్రభుత్వం కాగితం కావాలి. అది రాలేదు. "నేల మీద పరిగెట్టడానికి కాయితం అక్కర్నేదు. వచ్చేదాకా పరిగెడతాను," అన్నాడు. వలిసెలు కోసేసిన బీడులో గట్లు చదును చేయించి, డిసెంబరు పొద్దుటి మంచు విడిచాక దాన్ని పరిగెత్తించేవాడు. ఊరు ఊరంతా చూసేది. మూడోసారో నాలుగోసారో ఒక గట్టు మొదలు మిగిలిపోయిందట, ఎడమ చక్రం దాని మీద ఎగిరిపడింది. చక్రాన్ని విమానం పొట్టకి కలిపే ఉక్కు పట్టీ బయటికి వంగిపోయింది. దాన్నే ఆయన కాలు అనేవాడు. నెల తిరిగాక ఆ కాలే భుజాన వేసుకుని నా షాపుకొచ్చాడు.

"సరిసెయ్యగలవా?"

"జీపు పట్టీలు వందలు సరిసేసినాను. ఇదేపాటి సారూ?"

"నిప్పు మాత్రం పెట్టకు తమ్ముడూ. సల్లగానే వంచు, ఎన్నాళ్ళయినా పర్నేదు. నిప్పెడితే ఉక్కు పదును పోతాది, బరువు పడగానే ఒంగిపోతాది. జీపుకి ఏడు పట్టీలుంటాయి, ఒకటి సచ్చినా ఆరు మోస్తాయి. దీనికి ఒకటే. రంగు కూడా ఎయ్యకు, నాను సూసినాక ఎయ్యి."

ఇంత విడమరిచి చెప్పాడు. చెవిటివాడిక్కూడా అర్థమయ్యేలా చెప్పాడు. నేనేం చేశానో ఇప్పుడు చెబుతాను, సిగ్గుగానే ఉంది. రెండు రోజులు జాకీ పెట్టి చల్లగానే వంచాను. వంచితే వంగుతుంది, వదిలితే మళ్ళీ మొదటికొస్తుంది. మూడో రోజు సంత. షాపు ముందు నాలుగు జీపులు, డ్రైవర్ల కేకలు. విసుగొచ్చేసింది. మా నాన్న నేర్పిన విద్య చేతిలో ఉంది కదా అని గ్యాసు మంట పెట్టాను. ఎర్రబడగానే దాగలి మీద పెట్టి నాలుగు దెబ్బలు వేసి, కాలిన ఆయిల్లో ముంచాను. గీత గీసినట్టు సాపుగా వచ్చింది. ఉక్కు ఉక్కే, జీపుదైతేనేం, విమానానిదైతేనేం అనుకున్నాను. కాని మంట తగిలిన చోట నీలం మచ్చ పడింది. వెండి రంగు డబ్బా తీసి మొత్తం పూసేశాను.

ఆయన వచ్చాడు. రంగు చూశాడు. రూపాయి బిళ్ళ తీసి ఒక కొసన కొట్టాడు, ఖంగుమంది. మధ్యలో కొట్టాడు, ఠప్పుమంది. ఆ తేడా నాకే వినబడింది. ఆయనకి వినబడకుండా ఉంటుందా? బిళ్ళ జేబులో వేసుకుని నా మొహం వంక చూశాడు. ముఖం చూడటం ఆయనకి అలవాటు లేదు కాబట్టి నాకు బాగా గుర్తు.

"మా ఉద్యోగంలో ఒక పద్ధతుండేది," అన్నాడు. "ఆకరి మరమ్మతు ఎవుడు సేసినాడో ఆడే ముందు ఎక్కాల. నువ్వు కూకుంటావా ఇందులో?"

"ఎందుకు కూకోను సారూ!" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే పక్క దుకాణం వాడు తొంగి చూశాడు.

మర్నాడే పరుగుకి ముహూర్తం. రాత్రంతా నిద్రలేదని చెప్పుకోను గాని, పొద్దున్న అన్నం సయించలేదు. వెళ్ళకుండా ఉండొచ్చు. జ్వరమని కబురు పెట్టొచ్చు. సారూ, నిప్పు పెట్టాను అని ఒక్క ముక్క అంటే అయిపోయేది. అది ఒక్కటీ నోట రాలేదు. విమానంలో పడి చావడానికైనా సిద్ధపడ్డాను గాని, చేతగాలేదని ఒప్పుకోడానికి సిద్ధపడలేదు. ఇదేం బుద్ధో నాకిప్పటికీ తెలీదు.

మా షాపులో పెద్ద మరమ్మతు అయిన ఏ బండినైనా నిమ్మకాయలు తొక్కించకుండా పంపం. ఒక్కో చక్రం కింద ఒక్కో కాయ పెట్టి ముందుకి తోస్తాం, అవి పగిలితే దిష్టి పోయినట్టు. విమానానికి మూడు చక్రాలు, ముందొకటి, రెక్కల కింద చెరొకటి. అలవాటు చొప్పున మూడు కాయలు జేబులో వేసుకెళ్ళాను. వదినమ్మ మొహం ముడుచుకుంది. "మా పద్ధతి కాదు బావూ," అంటూనే పక్కకి తప్పుకుని నిలబడి తన ప్రార్థన తను చేసుకుంది. మూడు చక్రాల ముందూ నా చేతుల్తోనే కాయలు పెట్టాను.

ఆయన ఎడమ వైపు కూర్చున్నాడు, నేను కుడి వైపు ఎక్కాను. నేను ఎక్కగానే విమానం ఎడమ వైపుకి కొంచెం వాలింది. నా భుజం పైకి లేచినట్టు అనిపించింది. ఆయన కళ్ళు ముందుకే ఉన్నాయి. అద్దం మూత ఇంకా దించలేదు, ఇంజిను వేయలేదు. అంతకు ముందే టాంకు నిండా పెట్రోలు పోయడం నేను చూశాను. ఊరికే బీడులో పరిగెట్టడానికి అంత పెట్రోలు ఎందుకా అనుకున్నాను. నలుగురు జీపు డ్రైవర్లు రెక్కల మొదళ్ళు పట్టుకుని "ఐసా" అంటూ రెండడుగులు తోశారు.

ముందు కాయ చితికింది. కుడి కాయ చితికింది. పుల్లటి వాసన వచ్చింది.

"ఇదేటి, ఇది నలగనేదు?" అంది వదినమ్మ.

ఎడమ చక్రం కింద కాయ పక్కకి జారి, చెక్కుచెదరకుండా గడ్డిలో పడుంది. వదినమ్మ దాన్ని తీసి పైట కొంగుతో తుడిచింది. డ్రైవర్లు రెక్కలు వదిలేశారు. "అపసకునం సారూ, ఇయాళొద్దు, దిగిపోండి," అన్నాడొకడు. "నిమ్మకాయలో ఏటుంది, అంతా పెబువు సిత్తం," అని వాణ్ణి కసిరి, వెంటనే మొగుడి వైపు తిరిగి, "అయినా దిగిపోండి, బేగి దిగండి," అంది వదినమ్మ.

వాళ్ళకి శకునం. నాకు మాత్రం అది శకునం కాదు. ఇద్దరి బరువు పడగానే పదును పోయిన కాలు బయటికి తెరుచుకుంది, చక్రం అంచు మీదికి ఒరిగింది, అందుకే కాయ పక్కకి జారిపోయింది. నేను పెట్టిన నిమ్మకాయే నన్ను పట్టిచ్చింది.

"సారూ," అన్నాను. "నిప్పెట్టేసినాను."

"తెలుసు."

"ఎప్పుడు తెలుసు?"

"బిళ్ళతో కొట్టినప్పుడే."

"తెలిసీ ఎక్కినారేటి?"

"నువ్వు ఎక్కినావు కదా," అన్నాడు.

ఆ మాటలో కోపం వెతికాను, దొరకలేదు. వెక్కిరింత వెతికాను, అదీ దొరకలేదు. ఆయన చెయ్యి మాత్రం ఇంకా బ్రేకు పిడి వదల్లేదు. భయమో, అలవాటో, ఇంకేమిటో. "దిగు తమ్ముడూ. ఇయాళ కాదు," అని ఆయనే ముందు దిగాడు. వదినమ్మ చేతిలో కాయ తీసుకుని, రూపాయి బిళ్ళ ఉన్న జేబులోనే వేసుకున్నాడు. డ్రైవర్లకి ఒక్క ముక్క చెప్పలేదు. నా తప్పు నిమ్మకాయ మీదికి నెట్టేసి విమానాన్ని వెనక్కి తోయించాడు.

ఇది జరిగి ఆరేళ్ళయింది. మళ్ళీ ఆ విమానం షెడ్డు దాటలేదు. కోళ్ళు దాని సీట్లలో గుడ్లు పెట్టాయి. కొత్త కాలు కోసం విదేశానికి రాశానని ఆయనే ఒకసారి చెప్పాడు. షాపుకొచ్చినప్పుడల్లా అడిగేవాణ్ణి, "కాలు వచ్చిందా సారూ?" అని. "వచ్చినప్పుడు వత్తాది. ఆ ముందు చక్రం సూడు, మేకు దిగినట్టున్నాది," అని మాట మార్చేవాడు. కాగితమూ రాలేదు. ఆయన అలా జీపుల వెనక గొంతుక్కూర్చుంటే, ముప్ఫై ఏళ్ళు ఎదురు చూసిన ఒక్క కోరిక, నా విసుగు వల్ల, నాలుగు సమ్మెట దెబ్బల వల్ల పోయింది కదా అనిపించేది. క్షమించమని అడుగుదామంటే ఆయన ఆ ఊసే ఎత్తనిచ్చేవాడు కాదు.

పోయిన నెల గుండె నొప్పొచ్చి, అంబులెన్సులో ఘాట్ దిగుతూ దార్లోనే పోయాడు. దిగడం కదా పని అన్న మనిషి దిగుతూ పోయాడు. ఇందులో అర్థమేమైనా ఉందేమో నాకు తెలీదు, ఉందనుకుంటే ఏడుపొస్తోంది.

పదకొండు రోజుల తర్వాత వదినమ్మ కబురు పెట్టింది, విమానం విప్పేసి షెడ్డు ఖాళీ చేసిపెట్టమని. వెళ్ళాను. బల్ల కింద గోనెపట్టాల వెనక ఒక పొడుగాటి చెక్కపెట్టె కనిపించింది. మేకులు ఒకసారి ఊడదీసి మళ్ళీ కొట్టినట్టున్నాయి. తెరిస్తే, నూనె కాగితంలో చుట్టి, కొత్త కాలు. ఎడమది. ఎక్కడా బోల్టు ఎక్కించిన గీత కూడా లేదు. ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని వదినమ్మని పిలిచాను.

"వదినమ్మా, ఇదెప్పుడు వచ్చింది?"

"అదా? ఎప్పుడో వచ్చింది బావూ. నువ్వు ఆ పాత కాలు సరిసేసినావు సూడు, ఆ ఏడే."

"ముందా? ఎనకా?"

"ఏటి ముందు?"

"నాను సరిసెయ్యకముందు వచ్చిందా, నిమ్మకాయ గొడవ అయినాక వచ్చిందా?"

ఆవిడ వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టింది. "కాఫీ పళ్ళు దింపుతున్న రోజులు. అంతే గేపకం. ముందో ఎనకో నాకేటి తెలుసు?"

కాఫీ పళ్ళు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా దింపుతారు. మా నిమ్మకాయ సంగతి సరిగ్గా వాటి మధ్య జనవరిలో.

ముందే వచ్చుంటే? మంచి కాలు ఇంట్లో పెట్టుకుని వంగిన కాలు నా దగ్గరికెందుకు మోసుకొచ్చినట్టు? నా చేత నిజం చెప్పించడానికా? నేను చెప్పకపోతే, నిమ్మకాయ చితికిపోయుంటే, ఇంజిను వేసేవాడా? నిండా పోసిన పెట్రోలు సంగతేమిటి? పోనీ తర్వాత వచ్చిందనుకుందాం. మరి ఆరేళ్ళు బల్ల కింద ఎందుకు దాచాడు? ఎగరాలనే లేదా ఆయనకి? భయపడి, ఎగరకుండా ఉండడానికి ఒక సాకు కావాలని నా చచ్చు కాలు బిగించాడా? అలాగైతే నేను ఆయన కోరిక తీసేశానా, తీర్చానా? ఇన్నేళ్ళూ మోసిన నేరం నాదో కాదో కూడా తేల్చకుండా పోయాడు. కోపం వచ్చింది. నిజంగా, పోయిన మనిషి మీద కోపం వచ్చింది.

"ఇది పనికొత్తాదా బావూ, పారీమంటావా?" అంది వదినమ్మ.

ఆయన రూపాయి బిళ్ళ గూట్లో ఉంది. తీసి కొత్త కాలు మీద కొట్టాను. ఖంగుమని షెడ్డంతా మోగింది, కోళ్ళు లేచి పరిగెత్తాయి. పారేయొద్దని చెప్పి, బిళ్ళ నేను ఉంచుకోవచ్చా అని అడిగాను. తీసుకోమంది.

షాపుకి తిరిగొచ్చేసరికి ఒక డ్రైవరు నా కోసం ఒంటికాలి మీద ఉన్నాడు. పొద్దున్న వాడి జీపు వెనక పట్టీలు నేనే కాల్చి, వంచి బిగించాను. అప్పుడే సంతకి పోయే జనం ఎక్కి కూర్చున్నారు. అల్లం బస్తాలు, చింతపండు బుట్టలు, ఒళ్ళో కోళ్ళు పట్టుకున్న ఆడవాళ్ళు, పైన ముగ్గురు.

"ఏటీ ఆలీసం? సంత ముగిసిపోతాది. బాగున్నట్టేనా, ఎళ్ళొచ్చా?"

బాగుంది అనే మాట నాలిక చివరి దాకా వచ్చింది, రోజుకి పదిసార్లు అనే మాటే. జీపు వెనక్కి పోయి గొంతుక్కూర్చున్నాను. ఎడమ మోకాలు కలుక్కుమంది. బిళ్ళతో కొట్టాను. పై పట్టీ పలికింది, రెండోది పలికింది. నేను కాల్చిన రెండూ ఠప్పుమన్నాయి. మిగిలినవి మోస్తాయేమో. ఇన్నేళ్ళూ మోశాయి కదా. ఈ జనంతో ఘాట్‌లో ఏ మలుపు దాకా మోస్తాయో మాత్రం నాకు తెలీదు.

"అందరూ దిగండి," అన్నాను. "ఇయాళ కాదు. కొత్త పట్టీలు ఎయ్యాల."

లబోదిబోమన్నారు. ఒకావిడ కోడిని నా మొహం మీదికి విసిరినంత పని చేసింది. డ్రైవరు మీద మీదికొచ్చాడు. "పొద్దున్న బాగుందన్నావు! నువ్వే సేసినావు కదా!"

"నానే సేసినాను," అన్నాను. "అందుకే సెప్తన్నాను, దిగండి."

ఒక్కొక్కళ్ళే తిట్టుకుంటూ దిగారు. నేను చెయ్యి అందించి బుట్టలు దింపాను.